పళ్ళు తీయించేలోగా ఒక కెమెరా

రాజమండ్రికి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. పుష్కరాలకో, ఆస్పత్రికో, పెళ్ళి చీరలకో వెళ్ళి ఉంటారు. యాభై రెండేళ్ళ ఆడది, మిల్లులో ధాన్యం ఆరబోసుకునే మనిషి, అత్తను వెంటబెట్టుకుని కెమెరా కొనడానికి వెళ్ళిందని మాత్రం విని ఉండరు. అందుకే చెబుతున్నాను. నేను చెబుతుంటే మా వీధి టీచరమ్మ గారు రాస్తున్నారు. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు చదవగలను, అంతవరకే. నా మాటల్ని సరిచేయొద్దని ముందే చెప్పాను. తల ఊపుతూనే సరిచేస్తున్నారు. నా గొంతు బొంగురు, ముప్పై ఏళ్ళు ఊక దుమ్ము మింగిన గొంతు. కాగితం మీద అది వినపడదు కాబట్టి మీకు ఇబ్బంది లేదు.

నా పేరు నూకరత్నం. మాది మండపేట. ఉప్పుడు బియ్యం మిల్లులో పని. ఉడికించిన ధాన్యాన్ని సిమెంటు కళ్ళంలో పరిచి, ఎండలో కాళ్ళతో తిరగేసి, వాన చినుకు పడేలోగా కుప్ప చేయాలి. మా ఆయన వీర్రాజు అదే మిల్లులో బస్తాలు మోసేవాడు. పోయి నాలుగేళ్ళయింది. పిల్లలు లేరు. ఇంట్లో నేనూ, మా అత్త సూరమ్మా, ఇద్దరమే.

ఆయన ఫొటో గోడ మీద ఒకటుంది. పోయిన రోజున ఆధార్ కార్డులో బొమ్మను పెద్దది చేయించి, స్టూడియోలో కోటూ టైయూ తగిలించి ఇచ్చారు. ఒంటి మీద తువ్వాలు తప్ప ఎరగని మనిషికి కోటు. నోరు బిగించి, తనిఖీకి వచ్చిన ఆఫీసరులా చూస్తుంటాడు. రోజూ దీపం పెడతాను గానీ, ఆ కోటాయన ఎవరో నాకు తెలియదు. నాకు తెలిసిన మనిషి నవ్వేవాడు. పై పళ్ళు రెండింటి మధ్య సందు ఉండేది. నవ్వొస్తే ముందు ఎడమ బుగ్గ లోపలికి పోయేది, తర్వాత ఆ సందు కనపడేది, ఆ తర్వాతే చప్పుడు వచ్చేది. ఎప్పుడూ అదే వరస.

ఆ నవ్వు ఇప్పుడు భూమ్మీద ఒక్క మనిషి దగ్గరే ఉంది. మా అత్త దగ్గర. అదే బుగ్గ, అదే సందు, అదే వరస.

అయితే అత్త నలభై ఏళ్ళు కళ్ళంలో పనిచేసింది. దుమ్ము లోపలికి పోకుండా ఆడవాళ్ళం అందరం కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడతాం, నవ్వుతాం. పని మానేసినా ఆ అలవాటు పోలేదు. నవ్వొచ్చేసరికి ఆవిడ చెయ్యి దానంతట అదే నోటి మీదికి పోతుంది. ఇంక నా ఫోను సంగతి చెప్పాలా? నొక్కాక కాస్త ఆలోచించుకుని అప్పుడు తీస్తుంది. ఈలోపు చెయ్యి వచ్చేస్తుంది. రెండేళ్ళుగా తీసిందల్లా మా అత్త చెయ్యి.

ఈమధ్య రాజమండ్రి పళ్ళ డాక్టరు గారు చూసి, చిగుళ్ళు చెడిపోయాయి, మిగిలినవన్నీ తీసేసి సెట్టు కడదాం, శుక్రవారం పదింటికి తీసుకురండి అన్నారు. నేను గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి, "ఆ సెట్టులో ముందు పళ్ళ మధ్య సందు పెట్టరాండి?" అని అడిగాను. ఆయన నవ్వి, "సందున్న వాళ్ళే వచ్చి పూడ్పించుకుంటన్నారమ్మా, మీకు కావాలా?" అన్నారు.

నాకున్నది శుక్రవారం వరకే.

అత్తకు అసలు సంగతి చెప్పలేదు. చెబితే ఇంక నవ్వదు, ఏడుస్తుంది. మిల్లు ఆడవాళ్ళ ఫొటోలు తీస్తానని చెప్పాను. అదీ అబద్ధం కాదు, ఇప్పుడు తీస్తున్నాను. అప్పుడు రెండో పంట, దాళ్వా కోతలకు ముందు మిల్లు ఖాళీగా ఉండే రోజులు. "నాకూ రెండు కోరికలున్నాయే," అంది అత్త. "పళ్ళుండగానే కోరుకొండ ఎక్కాలి. పళ్ళుండగానే గట్టివన్నీ తినాలి."

రామచంద్రపురం: ఎన్ని ఫొటోలు ఆడింది?

మంగళవారం బయలుదేరి ముందు వెనక్కి వెళ్ళాం. రాజమండ్రి ఒకవైపుంటే రామచంద్రపురం ఇంకోవైపు. "కోడలా, బస్సు ఎదరకెళ్తే మనం ఎనక్కెళ్తన్నామేంటే?" అని అత్త బస్సంతా వినపడేలా అడిగింది. అక్కడొక ఫొటోగ్రాఫరు స్టూడియో ఎత్తేస్తున్నాడని, పాత కెమెరా చవకగా ఇస్తాడని మిల్లులో ఎవరో చెప్పారు.

కెమెరా పెద్దది. నల్లగా, ముందు పొడుగాటి గొట్టంతో. చేతిలోకి తీసుకుని తూచాను, రెండు కేజీలకు తగ్గదు. ఏ కన్ను మూయాలో తెలియక రెండూ మూశాను. పైన తిప్పే చక్రం మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. లక్షణంగా ఉంది, పన్నెండు వేలన్నాడు. కొనేద్దామనే అనిపించింది. అయినా మా మిల్లులో పాత మిషను కొనేటప్పుడు యజమాని ముందు అడిగే మాట ఒకటుంది, నా నోటికి అదే వచ్చింది.

"ఇది ఇప్పటికి ఎన్ని ఫొటోలు ఆడిందండి?"

అతను తలెత్తి చూశాడు. "ఆడడమేంటండి?"

"మిషను ఎన్ని బస్తాలు ఆడిందని అడుగుతాం కదండీ. అలాగ."

కాసేపు నవ్వాడు. తర్వాత మా అత్త వైపు చూశాడు. ఆవిడ గడప మీద కూర్చుని వేరుశనగ అచ్చును దవడ పళ్ళతో కష్టపడి కొరుకుతోంది. అతను కెమెరా నా చేతిలోంచి తీసేసుకున్నాడు.

"రెండు లక్షలు దాటిందండి. లోపల రెప్పలాంటిది ఒకటుంటది, ప్రతి ఫొటోకీ కొట్టుకుంటది. దానికీ ఆయుష్షుంటది. ఇవాళ పోతదో, ఏడాదికి పోతదో నాకే తెలీదు. మీకు అమ్మను లెండి."

"మరి ఇందాక లక్షణంగా ఉందన్నారు?"

"మీరు అడగరనుకున్నానండి."

అలాంటి మాట మొహం మీద చెప్పిన వ్యాపారిని నేను ఇంతవరకూ చూడలేదు. పైగా టీ తెప్పించాడు. రాజమండ్రిలో తనకు పని నేర్పిన గురువుగారు ఉన్నారని, పేరు సుబ్బారావు గారని, ఒక సందు గుర్తులు చెప్పాడు. "షోరూమ్ చూసుకుని ఎళ్ళండి. ముందే ఎళ్తే ఆయన విలువ తెలీదు," అన్నాడు.

తిరుగు బస్సులో అత్త, "నీకు అమ్మనన్నాడంటే నీ మొహంలో ఏదో కనపడిందే," అంది.

"ఏం కనపడింది?"

"తింగరితనం," అని నవ్వింది. చెయ్యి వచ్చేసింది. నా దగ్గర కెమెరా ఎలాగూ లేదు.

రాజమండ్రి, మెయిన్ రోడ్డు: అద్దం లేని కెమెరా

బుధవారం రాజమండ్రి చేరాం. కడియం దగ్గర రోడ్డుకు రెండు పక్కలా నర్సరీల పూలు. అత్త కిటికీలోంచి చూస్తూ చెరుకు ముక్క నమిలింది. నమలడం అయ్యేసరికి ముందు పన్ను ఒకటి ఇంకాస్త ఊగుతోందని వేలితో కదిపి చూపించింది. "ఇంక గట్టివి తినకు అత్తా," అని చెరుకు లాక్కున్నాను. ఎందుకు లాక్కున్నానో ఆవిడకు తెలియదు. కడియం నుంచి రాజమండ్రి దాకా అలిగి కూర్చుంది.

షోరూమ్‌లో అడుగుపెడితే చలి. మా ఊళ్ళో కొట్టుకు వెళ్తే ముందు మంచినీళ్ళిస్తారు. ఇక్కడ ముందు చల్లగాలి, తర్వాత నీళ్ళు, అవీ చిన్న సీసాలో. "ఐసు ఫ్యాక్టరీలోకి తీసుకొచ్చావేంటే," అంటూ అత్త కొంగు కప్పుకుంది. కౌంటరులో ఉన్న అమ్మాయి మమ్మల్ని ఎగాదిగా చూడలేదు. ఆ సంగతి చెప్పాలి. "రండి మేడమ్, కూర్చోండి," అని నాకూ అత్తకూ కుర్చీలు వేసింది. నన్ను ఎవరైనా మేడమ్ అనడం అదే మొదలు. అత్త వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసింది.

"డీఎస్ఎల్ఆర్ కావాలండి," అన్నాను. ఆ మాట ఇంటి దగ్గర వారం రోజులు సాధన చేసుకుని వచ్చాను.

"ఇప్పుడు అవి రావట్లేదు మేడమ్. అందరూ మిర్రర్‌లెస్సే తీసుకుంటున్నారు. అంటే లోపల అద్దం ఉండదండి."

"ధర?"

"డెబ్బై రెండు వేల నుంచి ఉన్నాయండి."

"అద్దం తీసేసినందుకు తగ్గించాలి గానీ పెంచుతారేంటండీ?"

ఆ అమ్మాయి పక్కనున్న ఇంకో అమ్మాయి వైపు చూసి పకపకా నవ్వింది. ఎగతాళి కాదు, నిజంగానే నవ్వొచ్చింది. అన్ని మెగాపిక్సెళ్ళు, ఇన్ని వీడియోలు అంటూ చాలా చెప్పింది. ఓపికగా చెప్పింది. ఎన్ని చెప్పినా ఒక్కటి అడగలేదు, మీరు ఏం తీస్తారు అని. నా దగ్గరున్నది ఇరవై వేలు. మళ్ళీ వస్తామమ్మా అని లేచాం. గుమ్మం దాకా వచ్చి తలుపు తీసి పట్టుకుంది.

సందులో కొట్టు: పిప్పరమెంటు పరీక్ష

సుబ్బారావు గారి కొట్టు పందిరి మంచమంత ఉంటుంది. గోడల నిండా విప్పేసిన కెమెరాలు, కోడి కడుపు కోసి పెట్టినట్టు. ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. నొసటి మీద భూతద్దం. రామచంద్రపురం పేరు చెప్పగానే స్టూలు తుడిచి ఇచ్చారు.

"ఏం తీస్తారమ్మా?" అన్నారు. మొదటి మాటే అది.

అత్త బయట మెట్టు మీద పప్పుచెక్క కొనుక్కుని కూర్చుంది, వద్దంటే వినదు. నేను గొంతు తగ్గించాను. నా గొంతు తగ్గితే ఇంకా బొంగురు. "ఒక నవ్వండి. చెయ్యి అడ్డం వచ్చేలోగా తీయాలి." తర్వాత మొత్తం చెప్పాను. కోటు సంగతి, పళ్ళ సంగతి, శుక్రవారం సంగతి.

ఆయన జాలి మాటలేవీ అనలేదు. డబ్బాలోంచి ఒక పిప్పరమెంటు తీశారు. "మీ ఫోను పట్టుకోండి. దీన్ని వదుల్తాను. గాల్లో ఉండగా తీయండి." వదిలారు, నొక్కాను. ఫోనులో ఖాళీ నేల. మూడుసార్లు వదిలారు, మూడుసార్లూ ఖాళీ నేలే. అప్పుడు కింద అరలోంచి ఒక కెమెరా తీసి నా చేతికిచ్చారు. పాతదే, చిన్నది, బరువు లేదు. "ఈ కంతలోంచి చూడండి. కుడి కన్ను. ఎడమది మూయక్కర్లేదు, తెరిచే ఉంచండి. మీకు రెండు కళ్ళూ కావాలి." వదిలారు, నొక్కాను. టప్‌మని చప్పుడైంది. వెనకున్న చిన్న తెర అద్దంలో చూస్తే పిప్పరమెంటు గాల్లో ఉంది, నేలకు జానెడు ఎత్తున. దాని గీతలు కూడా కనపడుతున్నాయి.



ఆయన మూడు రకాలు చూపించారు. ఒకటి పెద్దది, గొప్పగా ఉంది, దాని చక్రం మీద అక్షరాలే. రెండోది కొత్తగా ఉంది, రెండు లెన్సులు, మార్చుకుంటూ వాడాలి. "మీరుండేది మిల్లు దగ్గర కదమ్మా? విప్పినప్పుడల్లా ఊక దుమ్ము లోపలికి పోద్ది. ఇది మీకు వద్దు." మూడోది పిప్పరమెంటు పట్టుకున్నదే. దాని చక్రం మీద బొమ్మలున్నాయి. పువ్వు, కొండ, ఒక మొహం, పరిగెత్తే మనిషి. చదువు రాకపోయినా పరిగెత్తే మనిషిని పోల్చుకోగలను.

"దీనికి లెన్సు ఒక్కటే. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగదు. మీరే నడిచి దగ్గరికెళ్ళాలి."

"నడవడమే నా పనండి," అన్నాను. "రోజంతా కళ్ళంలో నడుస్తాను."

"అయితే ఇదే మీది. ఎనిమిది వేల ఫొటోలే తీసింది. కాలేజీలో చదువుకునే అమ్మాయి వాడింది."

నేను అడగకముందే ఆ లెక్క చెప్పారాయన. పంతొమ్మిది వేలన్నారు. ఇచ్చేశాను.

మెడలో పట్టీ వేసి, చివరికి ఒక మాట చెప్పారు. అది మీరూ గుర్తుపెట్టుకోండి, ఇలాంటి కెమెరా మొదటిసారి కొనేవాళ్ళకు పనికొస్తుంది. "దీని లోపల అద్దం ఉంటది. నొక్కగానే అది పైకి లేస్తది. ఆ క్షణం మీకు అంతా నలుపే. ఫొటో పడేది అప్పుడేనమ్మా. కంతలోంచి నవ్వు మీకు చక్కగా కనపడిందంటే, అది ఫొటోలో లేదని అర్థం. వచ్చాక నొక్కకండి. రాబోతుందని తెలిసినప్పుడే నొక్కండి."

"వాన చినుకు లాగండి," అన్నాను.

"ఎలాగ?"

"చినుకు పడ్డాక కుప్ప చేయడం మొదలెడితే ధాన్యం తడిసిపోద్దండి. గాలి మారగానే మొదలెట్టాలి."

ఆయన భూతద్దం పైకి నెట్టి నన్ను చూశారు. "మీకు నేను నేర్పక్కర్లేదు," అన్నారు.

మరియమ్మ ఇల్లు: దండ లేని ఫొటో

రాజమండ్రిలో మేం దిగింది మరియమ్మ ఇంట్లో. ఒకప్పుడు మాతో కళ్ళంలో పనిచేసింది. ఇప్పుడు ఒక స్కూల్లో ఆయాగా చేస్తోంది. చందువా చేపల పులుసు పెట్టింది. వడ్డించాక చేతులు జోడించి ప్రార్థన చేస్తే మేం ముద్ద పట్టుకుని ఆగాం. అత్తకు ఆకలి. ప్రార్థనలో మా బస్సు ప్రయాణం, అత్త పళ్ళు, డాక్టరు గారి చేతులు అన్నీ వచ్చాయి. "నా పన్ను గురించి దేవుడికి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదే," అంది అత్త తర్వాత.

ఆ ఇంట్లో ఒకటి చూశాను. మరియమ్మ భర్త పోయి ఆరేళ్ళయింది. ఆయన ఫొటో విడిగా లేదు. దండ లేదు, చిన్న బల్బు లేదు. కూతురి పెళ్ళి ఫొటో, మనవడి స్కూలు ఫొటో మధ్యలో ఆయన సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు, పనిలోంచి ఇప్పుడే వచ్చినవాడిలా. "వేరుగా పెట్టలేదేంటి మరియమ్మా?" అంటే, "వేరుగా ఎందుకు పెడతాం రత్నం? ఈ ఇంటోడే కదా," అంది. నాకు మా ఇంట్లో పైగోడ మీదున్న కోటాయన గుర్తొచ్చాడు.

కోరుకొండ: మసక బొమ్మలు

గురువారం పొద్దున్నే కోరుకొండ. గుడి మెట్లు నిటారుగా ఉంటాయి. అత్త పది మెట్లకోసారి కూర్చునేది, కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరిని పలకరించేది. నేను కెమెరా కంటికి పెట్టుకునే ఎక్కాను. రెండుసార్లు తట్టుకున్నాను, మోకాలు చెక్కుకుపోయింది. పైన స్వామిని దర్శించుకుని, మంటపం స్తంభాల దగ్గర అత్తను కూర్చోబెట్టి నవ్వించడానికి నానా తంటాలూ పడ్డాను. పులిహోర చేతికిచ్చి తీశాను. ఆవిడ ఒంటి చేత్తో తిని రెండో చేత్తో నోరు మూసుకుంది.

తీసినవి చూసుకుంటే అన్నీ మసక. అత్తా మసకే, స్తంభమూ మసకే. సుబ్బారావు గారి కొట్టులో అంత బాగా తీసిన కెమెరా కొండ మీద చచ్చిపోయింది. ఎండలో నిలబడి ఆ పెద్దమనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పుడు సిగ్గేస్తోంది. అయినా తిట్టాను కాబట్టి చెబుతున్నాను.

"నాకు పళ్ళ డాక్టరు, నీకు కళ్ళ డాక్టరు," అంది అత్త. "ఒకే బస్సుకి పోదాం."

అక్కడ ఒక కొత్త జంటను దర్శనానికి తెచ్చారు. వాళ్ళతో వచ్చిన ఫొటోగ్రాఫరు నా తిట్లు విని దగ్గరికొచ్చాడు. "ఏమైందండి?" అని కెమెరా అందుకుని, లెన్సు పక్కన గోరంత మీట ఒకటి చూపించాడు. "ఇది కిందికి జరిగిపోయిందండి. ఇది పైనుంటే కెమెరా తనే సరిచేసుకుంటది, కిందుంటే మీరే తిప్పుకోవాలి. సంచిలో రాసుకునుంటది." మీట పైకి నెట్టి ఇచ్చాడు. పక్కనే ఉన్న కొండ చెట్టు ఆకు ఆకూ విడిగా కనపడింది.

అతను సరిగ్గా ఉందో లేదో చూడమంటే కెమెరా పెళ్ళికూతురి వైపు తిప్పాను. ఒక పెద్దావిడ నా నుదుటి వైపు చూసి, "ముందు నువ్వు కాదమ్మా…" అని ఆపింది. నాకు అర్థమైంది. దించేశాను. అలాంటివి నాకు కొత్త కాదు. ఆ పిల్ల మాత్రం కొంగు సర్దుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది. "తీయండి పిన్నిగారూ. అమ్మమ్మ మాటకేం గానీ, బాగా రాకపోతే మళ్ళీ తీయాలి," అంది. తీశాను. చక్కగా వచ్చింది. పెద్దావిడ కూడా వంగి చూసి, "ముక్కుపుడక ఎంత బాగా పడిందో," అంది.

ఆ తర్వాత దిగేవరకూ అత్తవి చాలా తీశాను. ఇప్పుడు మసక లేదు. చెయ్యి మాత్రం ఉంది. ఒక చేత్తో మెట్ల పక్కన గొట్టం పట్టుకుంటుంది, రెండోది నోటి దగ్గరుంటుంది. వేలి ముడతలు, గోళ్ళు, రాగి ఉంగరం అన్నీ వచ్చాయి. నవ్వు ఒక్కటీ రాలేదు. కొండ దిగాక కొబ్బరి నీళ్ళు తాగుతూ లెక్కపెట్టుకుంటే ఇంక మిగిలింది తెల్లారి పదింటి వరకే.

శుక్రవారం పొద్దున్న: చేట

మా అత్తకు ఒక గుణం ఉంది. పరాయి ఇంట్లో తిన్న అన్నం ఊరికే తినదు. తెల్లారి లేచేసరికి మరియమ్మ ఇంటి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, వాళ్ళ రేషన్ బియ్యం చేటలో పోసి చెరుగుతోంది. ఎండ అప్పుడే పక్కనుంచి పడుతోంది. చేట లేచినప్పుడల్లా తవుడు దుమ్ము ఆ ఎండలో పొగలా ఆడుతోంది.

కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అప్పుడు కళ్ళబడింది. రెండు చేతులు. రెండు చేతులూ చేట మీదే ఉన్నాయి. వదిలితే బియ్యం నేలపాలవుతాయి. కళ్ళంలో నలభై ఏళ్ళు పనిచేసిన మనిషి గింజ నేల మీద పడనివ్వదు. నోరు మూసుకోవడం అలవాటే, నిజమే. గింజ పోగొట్టకపోవడం అంతకంటే పాత అలవాటు.

గ్లాసు కింద పెట్టేశాను. కెమెరా తీశాను. మీట పైకే ఉంది. పరిగెత్తే మనిషి బొమ్మకు తిప్పాను. దూరం నుంచి దగ్గరికి లాగే లెన్సు కాదు కదా, నడిచాను. మూడడుగుల దూరంలో నేల మీద కూలబడ్డాను. అత్త పట్టించుకోలేదు, మూడు రోజులుగా నా మొహం మీద ఆ పెట్టె చూసి విసిగిపోయింది.

మరియమ్మ స్కూలుకు బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటోంది. "వదినా, ఇంక మధ్యాహ్నం నుంచి పళ్ళుండవు. మీ కోడల్ని ఎలా కరుస్తారు?" అంది.

అత్త చేట ఆపలేదు. "సెట్టు ఇస్తారంటగా," అంది. "చేత్తో పట్టుకుని కరుస్తా. దూరంగా ఉన్నా అందుద్ది."

తన మాటకు తనకే నవ్వొచ్చింది. ఎడమ బుగ్గ లోపలికి పోయింది.

గాలి మారింది. నొక్కాను.

అంతా నలుపు. నొక్కే తొందరలో, తెరిచుంచమన్న ఎడమ కన్నూ మూసేశాను, ఏమీ కనపడలేదు. ఆ నలుపులో మా అత్త నవ్వు వినపడింది. మరియమ్మ నవ్వు వినపడింది, చేటలో బియ్యం గలగల వినపడింది. కళ్ళు తెరిచేసరికి అత్త నవ్వడం అయిపోయి రాయి ఏరుతోంది.

వెనక అద్దంలో చూసుకున్నాను. ఇంతకంటే ఆ బొమ్మ గురించి చెప్పను. ఉంది. బుగ్గ ఉంది, సందు ఉంది.

సుబ్బారావు గారు కొట్టులో చూపించిన వెనక మీట నొక్కి బొమ్మను పెద్దది చేశాను, ఇంకా పెద్దది చేశాను, ఆ నోరూ బుగ్గా మాత్రమే మిగిలేదాకా. అత్త పక్కన కూర్చుని చూపించాను. ఆవిడకు చూపు మందం. కెమెరాను ముక్కుకు ఆనించుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"ఈ ఫొటో ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే?" అంది.

నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను.

"వీరిగాడి ఫొటో. నవ్వుతా ఉన్నది ఒక్కటీ లేదన్నావు కదే. ఎక్కడ దాచావు?"

మీట రెండో వైపు నొక్కాను. బొమ్మ చిన్నదవుతూ వచ్చింది. గడ్డం వచ్చింది, నెరిసిన జుట్టు వచ్చింది, నీలం చీర, చేట, రెండు చేతులు, రాగి ఉంగరం. అత్త చూపు కెమెరా మీద నుంచి తన చేతి మీదికి వచ్చింది. ఉంగరం తిప్పుకుంది. మళ్ళీ కెమెరాలో చూసింది.

మరియమ్మ ఒక చెప్పు వేసుకుని అలాగే నిలబడిపోయింది.

"నాలుగు రోజులుగా నా ఎనకాల పడింది ఇందుకా?" అంది అత్త.

"ఆయ్," అన్నాను.

కొంగుతో నా మొహం తుడిచింది, తన మొహం తుడుచుకోలేదు. మిగిలిన బియ్యం చెరగడం పూర్తి చేసి, డబ్బాలో పోసి, మూత పెట్టి, అప్పుడు లేచింది.

పళ్ళ డాక్టరు గారి దగ్గర

పదింటికి ఆస్పత్రిలో ఉన్నాం. వరండాలో బెంచీ మీద చోటు లేక గోడకు ఆనుకుని నిలబడ్డాం. నర్సు వచ్చి, "సూరమ్మ గారు ఎవరండి? లోపలికి రండి," అని పిలిచింది. అత్త నాలుగడుగులు వేసి, గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది.

"ఇంకోటి తియ్యవే," అంది. "ఇవి పోతే మళ్ళీ రావు."

కెమెరా ఎత్తాను. అత్త రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకుంది, బళ్ళో పాఠం ఒప్పజెప్పే పిల్లలాగ. ఒక చేత్తో ఇంకో చెయ్యి గట్టిగా పట్టుకుంది, అది జారి పైకి రాకుండా. నా మొహంలోకి చూసింది. ఎడమ బుగ్గ లోపలికి పోయింది.

వేలు మీట మీదే ఉంది. నొక్కితే నలుపు.

కెమెరా దించేశాను. మొత్తం చూశాను. బుగ్గ, ఆ తర్వాత సందు, ఆ తర్వాత చప్పుడు.